మా చారు టీడీఎస్ ఎంత?

హైదరాబాదులో టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసేవాళ్లు అద్దె కంటే ముందు అడిగే మాట, "మంజీరా వస్తదా?" కృష్ణ నీళ్లొచ్చినా, గోదావరి నీళ్లొచ్చినా ఊరి నోట్లో అవి మంజీరాయే. 1908లో మూసీ ఊరిని ముంచెత్తాక, మళ్లీ అంత పని చేయకుండా 1920లో దానికి అడ్డంగా గండిపేట చెరువు కట్టారు. ఆ నీళ్లు ఒకసారి తాగినవాడు ఈ ఊరు వదిలి పోడని పెద్దలు అనేవారు. నిజమే, ఎవరూ పోలేదు. పైగా చుట్టాలను పిలిపించుకున్నారు. ఇంతమందికి గండిపేట ఏం సరిపోతుంది! అందుకని ఎల్లంపల్లి దగ్గర గోదావరిని పట్టుకుని 180 కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో నడిపించుకొస్తున్నారు. ఇటు నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణను తోడుకొస్తున్నారు. ఇంత దూరం ప్రయాణం చేసి, దారిలో పటిక వేయించుకుని, క్లోరిన్ పట్టించుకుని వచ్చిన నది చివరికి మా అపార్ట్‌మెంటు సంపులో దిగుతుంది. అక్కడ బోరు నీళ్లు ముందే కాపురం పెట్టి ఉంటాయి. ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు కూడా వచ్చి చేరతాయి. ఆ తర్వాత మా నల్లాలో పడేది ఏ నదో సంకల్పం చెప్పే పురోహితుడికి కూడా అంతుపట్టదు.

ఇలాంటి నీళ్లకు ఏ ఫిల్టరు సరిపోతుందో తెలియాలంటే ముందు నీళ్లను పరీక్ష చేయించాలి. అది చాదస్తుల పని. మా అపార్ట్‌మెంటులో ఎదురు ఫ్లాటును చూసి కొంటారు. 202 వాళ్లు ఆరో మిషన్ తెచ్చారు. 203 వాళ్లు ఆరో ప్లస్ యూవీ తెచ్చారు. 301 వాళ్లు దానికి యూఎఫ్ కూడా తగిలించారు. 302 ఆయన ఊరుకుంటాడా? రాగి, జింకు, ఆల్కలైన్ అన్నీ ఉండి, నీలం లైటు వెలిగేది పట్టుకొచ్చాడు. ఆ మిషన్ నీళ్లలో ఉన్న ఖనిజాలన్నిటినీ ముందు ఊడ్చేస్తుందట, తర్వాత ఒక డబ్బాలోంచి కొన్ని ఖనిజాలు కలుపుతుందట. మా అమ్మ అంతా శ్రద్ధగా విని, "కలిపేటిదుంటే తీసుడెందుకు?" అంది. ఆయన అమ్మ చేతిలో ఒక రంగుల కాగితం పెట్టి వెళ్లిపోయాడు.

మాకు ఏ మిషనూ లేదన్న సంగతి ఎలా పొక్కిందో, ఒక ఆదివారం పొద్దున టై కట్టుకున్న కుర్రాడు దిగాడు. కంపెనీ పేరు అనవసరం, ఆ ఆట అందరిదీ ఒకటే. రెండు గ్లాసులు అడిగాడు. ఒక దాంట్లో మా నల్లా నీళ్లు పట్టాడు, రెండో దాంట్లో తన సీసాలోంచి ఆరో నీళ్లు పోశాడు. సంచీలోంచి నాలుగు లోహపు కడ్డీలున్న పెట్టె తీసి, గ్లాసుకు రెండు కడ్డీల చొప్పున ముంచి, ప్లగ్గు పెట్టాడు. నిమిషం తిరక్కుండా మా నీళ్లు పచ్చబడ్డాయి, నల్లబడ్డాయి, పైన బురద నురుగు తేలింది. రెండో గ్లాసు ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"ఇదీ సార్, మీరు రోజూ తాగుతున్నది!"

మా ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. నాకు పొద్దున తాగిన కాఫీ గుర్తుకొచ్చింది. అమ్మ మాత్రం వంటింట్లోంచి ఉప్పుడబ్బా పట్టుకొచ్చింది.

"బిడ్డా, ఆ మంచి గ్లాసుల గింత ఉప్పేసి మల్ల పెట్టు."

"వద్దు ఆంటీ, అది ప్యూర్ వాటర్."

"మా ఉప్పు గూడ ప్యూరే."

అతను అడ్డం పడేలోగా వేసేసింది. మంచి గ్లాసు మా గ్లాసు కంటే అధ్వానంగా తయారైంది. విషయమేమిటంటే, ప్రతి జతలోనూ ఒక కడ్డీ ఇనుముది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పవుతుంది. ఆరో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కనుక కరెంటూ పారదు, తుప్పూ రాదు. గ్లాసులో కనబడిన మురికిలో సింహభాగం కడ్డీదే. ఇదంతా మా అమ్మకు ఎలా తెలుసని ఆశ్చర్యపోకండి. మా అక్కవాళ్లింట్లో ఇదే ఆట ఆడిపోయాక, ఇంటర్ ఎంపీసీ చదివే మనవడు చెప్పాడట. వాడి ఫీజుకు కట్టిన డబ్బులో ఆ మాత్రమైనా వసూలైంది.

ఇక మా పై అంతస్తులో రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్ గారున్నారు. నీళ్లలో కరిగిన లవణాల లెక్క చెప్పే, పెన్నంత ఉండే టీడీఎస్ మీటరు ఒకటి కొని, జేబులో పెట్టుకు తిరుగుతారు. నది నీళ్లు వదిలిన రోజు మా నల్లాలో 260 చూపించింది, బోరు రోజు 1150. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మేలు, వేరే గతి లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చు. అంతవరకు బాగానే ఉంది. కానీ మీటరు చేతిలో ఉన్నాక మనిషి నీళ్ల దగ్గర ఆగడు. కొబ్బరి నీళ్లలో ముంచారు, నాలుగు వేలు దాటింది. మా ఇంటికొచ్చి అమ్మ పెట్టిన చారులో ముంచారు. మీటరు అంకె చూపడం మానేసి 'ఎర్రర్' అంది. టీడీఎస్ అంటే విషమని నమ్మే లెక్కన మా వంశం ఏనాడో అంతరించాలి.

నిజానికి ఆ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నదే. దాన్నిబట్టి లవణాలెన్నో అంచనా కడుతుంది. సూక్ష్మక్రిములు దాని కంటికి ఆనవు. మురుగు కలిసిన నీళ్లలో ముంచినా 400 అని చల్లగా చెప్పగలదు. క్రిములకు మందు వేడి, యూవీ దీపం, క్లోరిన్. బ్లీచింగ్ వాసన వస్తోందని ముక్కు మూసుకుంటాం గానీ, నల్లా చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని అదే ప్రమాణం చెబుతుంది. నది నీళ్లు వచ్చే ఇంటికి ఒక కార్బన్ క్యాండిల్, ఒక యూవీ దీపం చాలు. దీపం కూడా తేట నీళ్లలోనే పని చేస్తుంది, బురద నీళ్లలో క్రిములు మట్టిరేణువుల చాటున దాక్కుంటాయి. పల్లెల్లో బిందెలో పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసినా ముందు ఆ బురదను దించడానికే.

అలాగని ఆరో మిషన్ను వెక్కిరిస్తే మా అమ్మ ఊరుకోదు. ఆమెది నల్లగొండ పక్క పల్లె. అక్కడి బోరు నీళ్లు చూడ్డానికి తేటగా, తాగడానికి తియ్యగా ఉండేవి. అందులోని ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పళ్ల మీద గోధుమరంగు చారలుగా, వంగిపోయిన కాళ్లుగా కనబడేది. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు సరికదా, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. నాగపూర్ నీరీ శాస్త్రజ్ఞులు పటిక, సున్నంతో దాన్ని తీసే పద్ధతి కనిపెట్టి 'నల్లగొండ విధానం' అని పేరు పెట్టారు. ఆ పేరు టాంజానియా దాకా వెళ్లింది. కృష్ణ నీళ్లు పల్లెలకు వెళ్లడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అలాంటి నీళ్లకు ఆరో కావాలి. గోదావరి నీళ్లకు ఎందుకు?

ఎందుకంటే, ఉంది కనుక. మామూలు ఆరో మిషన్ లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. 180 కిలోమీటర్లు మోటార్లతో ఎక్కించి తెచ్చిన గోదావరిలో ముప్పాతిక వంతు దాకా 302 వంటింటి తూములోంచి నేరుగా మూసీకి పోతోంది. టీడీఎస్ 500 లోపున్న చోట ఆరో మిషన్లు వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది. ట్రిబ్యునల్ ఢిల్లీలో ఉంది, నీలం లైటు 302లో వెలుగుతూనే ఉంది.

మేం యూవీ కొన్నాం. వంటింటికి నది నీళ్ల లైను వేరుగా వేయించుకున్నాం. ఆ గొట్టానికి ప్లంబరు తీసుకున్న డబ్బు ఫిల్టరు కంటే ఎక్కువ. అందరి ఇళ్లకూ నీళ్లు పోసే సంపు సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని కడగగా చూసినవాళ్లు అపార్ట్‌మెంటులో ఎవరూ లేరు. మూత సగం విరిగింది, పక్కనే పావురాల బస. పోయిన నెల అసోసియేషన్ మీటింగులో ఇంటికి మూడు వందలు వేసుకుని కడిగిద్దామన్నాను.

"ఎవరి మిషన్ వాళ్లకుంది గద సార్, మల్ల సంపు కడుగుడెందుకు, డబుల్ ఖర్చు," అన్నారు సెక్రటరీ గారు.

వాదన ముదిరింది. చివరికి శాస్త్రీయంగా తేల్చుకుందామని అందరం కిందికి దిగాం. లెక్చరర్ గారు మోకాళ్ల మీద కూర్చుని, ఒక పావురం ఈకను పక్కకు జరిపి, మీటరు ముంచారు. 310.

"చూసిండ్రా, 500 లోపలే ఉంది," అని సెక్రటరీ గారు మినిట్స్ పుస్తకంలో 'సంపు పరిశీలించబడినది, శుభ్రముగా ఉన్నది' అని రాసి, లిఫ్టులో అద్దం బిగించే అంశానికి వెళ్లిపోయారు.