మడిలో దిగకుండా గట్టెక్కడం ఎలా?

అగ్రి బీఎస్సీ నాలుగో ఏడాదిలోకి వచ్చారు కదా, ఇక రావెప్, అంటే పల్లెలో ఉండి చేసే వ్యవసాయ అనుభవ శిక్షణ, తప్పదు. వ్యవసాయం చదివేవాడు కొంతకాలం రైతు దగ్గరుండి పని నేర్చుకోవాలని 1992లో రంధావా కమిటీ సిఫారసు చేసింది. ఉండమన్నారు, ఉందాం. పని సంగతి నాకు వదిలేయండి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. జగిత్యాల దాటి ఓ మండల కేంద్రంలో ఆ నెలలన్నీ గడిపి, చెప్పులకు మట్టి అంటకుండా తిరిగొచ్చాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు అనవసరంగా చెమటోడ్చకూడదనే ఇది రాస్తున్నాను.

1. ఊరి మీద అభిప్రాయం బస్సులోనే ఖాయం చేసుకోండి. జేబీఎస్‌లో ఎక్కి సిద్దిపేట దాటేలోపు డైరీలో రాసేయండి: "చిన్న ఊరు. అమాయక జనం. ఏమీ దొరకదు." దిగాక మీసేవ, బిర్యానీ సెంటర్, ట్రాక్టర్ షోరూం కనిపిస్తాయి. తల తిప్పుకోండి. రాసింది కొట్టేస్తే పేజీ పాడవుతుంది. డైరీ శుభ్రంగా ఉండాలి.

2. రైతు ఇంట్లో దిగకండి. కోడి కూయకముందే లేపుతారు. బస్టాండు పక్కన గది తీసుకుని "దుమ్ము పడదని డాక్టర్ చెప్పాడు కాకా" అనండి. ఈ ఒక్క ముక్క దుక్కి నుంచి నూర్పిడి దాకా అన్నిటికీ పనికొస్తుంది.

3. అన్నం మాత్రం రైతు ఇంట్లోనే తినండి. అవ్వ పెట్టే జొన్నరొట్టె, పచ్చిపులుసు ఏ హాస్టల్లోనూ దొరకవు. చేయి కడుక్కున్న వెంటనే కడుపు పట్టుకోండి. కలుపు తీయడానికి ఎవరూ పిలవరు.

4. పొలంలో వంగకండి. నాకు అప్పగించిన రైతు, మా కాక, నాలుగెకరాల్లో తెలంగాణ సోనా వరి వేశాడు. మొదటివారం నన్ను గట్టు మీద నిలబెట్టి, తాను మోకాలి లోతు దిగి, ఎండిన మొగి ఒకటి పట్టి లాగాడు. అలవోకగా ఊడొచ్చింది. అడుగున కొరికేసిన గుర్తు. "గిది సూడు సారూ, మొగిపురుగు గిట్లనే తింటది" అని అరచేతిలో పెట్టి చూపించాడు. నేను ఫోను తీసి, ఫొటో కొట్టి, "యూనివర్సిటీకి పంపిస్తా కాకా" అని వచ్చేశాను. ఎవరికీ పంపలేదు. అదే ఫొటోను అటూ ఇటూ కత్తిరించి పద్నాలుగు రోజుల డైరీకి వాడుకున్నాను. మీరూ వాడుకోండి.

5. ఫొటోలన్నీ ఒక్క పూటలో ముగించండి. ఐదు చొక్కాలు తీసుకెళ్లండి. నారు కట్ట ఒకసారి, స్ప్రేయర్ ట్యాంకు ఒకసారి పట్టుకోండి. చొక్కా మారిస్తే వారం మారినట్టే.

6. మట్టి నమూనా దగ్గర చాలామంది మోసపోయి నిజంగా పని చేస్తుంటారు. పుస్తకం ప్రకారం పొలంలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తవ్వాలి. అంచు వెంట పలుచగా మట్టి చెక్కాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప దగ్గర తీయొద్దంటారు. ఒక్క పొలానికే పూట గడిచిపోతుంది. మీరు నేరుగా పెంటకుప్ప దగ్గరికే వెళ్లండి. అక్కడ మట్టి మెత్తగా ఉంటుంది, పార కూడా అక్కర్లేదు. తట్టెడు ఎత్తి ఐదు సంచుల్లో పోసి, ఐదుగురు రైతుల పేర్లు రాయండి. ఐదుగురి భూములూ బలమైనవనే రిపోర్టు వస్తుంది. రైతులకు సంతోషం, మీకు సాయంత్రం నాలుగింటికల్లా నిద్ర.

7. నిద్రకు రైతువేదిక మంచి చోటు. ఫ్యాన్లుంటాయి. మీటింగ్ ఉన్న రోజు వెనక వరసలో కూర్చుని ఒళ్లో రిజిస్టర్ తెరిచిపెట్టుకోండి.

8. ఊరి పటం సీనియర్ చార్టు చూసి దించేయండి. నలుగురిని చావడి దగ్గర కూర్చోబెట్టి, వాళ్ల చేతే నేల మీద ముగ్గుతో గీయించాలట. దానికి నలుగురు దొరకాలి, వాళ్ల మాటలు వినాలి. నా పటంలో పూడ్చేసిన బావి ఒకటి ఉండిపోయింది. ఎవరూ అడగలేదు.

9. రైతు ఏది అడిగినా "యూరియా వేయండి" అనండి. ఆకు పసుపైందా? యూరియా. ఎదుగుదల లేదా? యూరియా. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే, సలహా ఎవరికీ బరువనిపించదు. మా కాక నా మాట విని రెండు బస్తాలు ఎక్కువే చల్లాడు. చేను నల్లపచ్చగా గుబురెక్కింది. కాలిబాటలు తీయలేదు, మొదళ్లకు గాలి ఆడలేదు. సెప్టెంబరు చివర సుడిదోమ పట్టి, సుడులు సుడులుగా ఎండిపోయింది. అవ్వ రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత కాక నన్ను పొలం దిక్కు రమ్మని ఒక్కసారీ పిలవలేదు. నెలన్నర పాటు నా పొద్దుటి నిద్రకు ఏ అడ్డూ రాలేదు. తొమ్మిదో చిట్కా అంత గట్టిది.

10. ఇన్‌ఛార్జి సార్ ఫోన్ చేస్తే ఎత్తకండి. సాయంత్రం మీరే చేసి "చేనులో సిగ్నల్ లేదు సార్" అనండి. చేనులో ఉన్నారని ఆయనే రాసుకుంటారు.

11. వైవాలో ఏం నేర్చుకున్నావంటే, కాస్త ఆగి, కిందికి చూస్తూ, "రైతు కష్టం కళ్లారా చూశాను సార్" అనండి. అంతకంటే ఒక్క మాట ఎక్కువొద్దు. మాట పెరిగితే ఎకరాకు విత్తనమెంతో అడుగుతారు.

నాకు మంచి గ్రేడే వచ్చింది. బస్సులో రాసిన మూడు వాక్యాలు డైరీ మొదటి పేజీలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ డైరీ ఇప్పుడు హాస్టల్లో మీ ముందు బ్యాచ్ దగ్గరుంది. అడిగి తీసుకోండి, మొత్తం దించేయండి. తేదీలు మార్చడం మాత్రం మర్చిపోకండి.