బేస్‌మెంటులో మడి

మా బావ ఇంటికి వెళ్ళాలంటే ముందు తలస్నానం చెయ్యాలి. వెళ్ళాక గరాజులో చొక్కా మార్చుకోవాలి. గరాజంటే టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో, జనవరి నెలలో, బయట మైనస్ పదిహేను డిగ్రీలు ఉన్నప్పటి గరాజు. ఉతికి, ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించిన చొక్కాలు అతిథుల కోసం కొక్కేలకి వేలాడుతుంటాయి. నాకు సరిపడేది ఒక్కటీ ఉండదు. ఒక దాంట్లో మునిగిపోతాను, ఇంకో దాంట్లో ఇరుక్కుపోతాను. "ఏమోయ్, పొద్దుట్నించీ ఎక్కడెక్కడ తిరిగొచ్చావ్? ఎవరింట్లోనైనా మొక్కలు ముట్టుకున్నావా?" అని తలుపు సందులోంచి విచారణ. ఆయన పోలీసూ కాదు, కస్టమ్సూ కాదు. మా అక్క మొగుడు.

ఇదంతా బేస్‌మెంటులో ఉన్న రెండు కరివేపాకు మొక్కల కోసం.

మనవాళ్ళు పదిళ్ళు ఉన్న ప్రతి చలిదేశపు ఊళ్ళోనూ ఇలాంటి మనిషి ఒకడుంటాడు, మీకూ తెలిసే ఉంటాడు. కూతురి పెళ్ళి మాటెత్తితే "చూస్తున్నాం" అని ఊరుకుంటాడు. మొక్క మాటెత్తితే ఫోను తీసి పుట్టినప్పట్నించీ ఫొటోలు చూపిస్తాడు. మనింటికి భోజనానికొస్తూ స్వీటు తేడు, తడిగుడ్డలో చుట్టిన నాలుగు రెబ్బలు తెస్తాడు. తెచ్చినవాడు ఊరుకోడు, సాంబారులో అవి పడ్డాయో లేదో వంటింట్లోకొచ్చి చూసిపోతాడు. తిన్నాక కంచం అంచున కరివేపాకు తీసి పెట్టినవాణ్ణి జీవితంలో క్షమించడు.

ఐదేళ్ళ కిందట, చలికాలంలో కిటికీ ఎండ చాలక మొక్క ఆకు రాలుస్తోందని ఒక దీపాల కొట్టుకి వెళ్ళాడు. గుడారాలు, ఊదారంగు దీపాలు, గాలి ఫ్యాన్లు అమ్మే కొట్టు. అక్కడి కుర్రాడికీ మా బావకీ జరిగిన సంభాషణ నేను పక్కనే ఉండి విన్నాను.

"ఏ రకం పెంచుతున్నారు?"

"గుంటూరు."

"ఎప్పుడూ వినలేదే. ఘాటు ఎక్కువా?"

"చాలా. వీధి చివరిదాకా వాసనొస్తుంది."

కుర్రాడు గౌరవంగా తలూపాడు. "ఎన్ని మొక్కలు? నాలుగు దాటకూడదు, తెలుసుగా."

"రెండే."

"పూతకెన్ని వారాలు పడుతుంది?"

"పూతా? రానివ్వం. కనిపించగానే తుంచేస్తాం."

ఆ కుర్రాడి మొహం చూడాలి. పెళ్ళిపందిట్లో తాళి విసిరికొట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు. అప్పటికిగానీ ఇద్దరికీ తెలియలేదు, ఒకరు మాట్లాడేది కరివేపాకు గురించీ, ఇంకొకరిది గంజాయి గురించీ అని. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. ఒంటారియోలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. వాళ్ళు పువ్వు కోసం పెంచుతారు, మనం ఆకు కోసం. ఆ ఒక్క తేడా పక్కనపెడితే దీపం అదే, గుడారం అదే, పట్టే పురుగూ అదే.

ఆ సంగతి పక్కింటాయన పరిచయమయ్యాక ఇంకా బాగా తెలిసింది. రిటైరైన ట్రక్కు డ్రైవరు, జబ్బల నిండా పచ్చబొట్లు. ఆయన బేస్‌మెంటులో లెక్కగా నాలుగు మొక్కలు. మా బావ గుడి కమిటీ సభ్యుడు, శనివారం ఉల్లిపాయ ముట్టడు. ఇద్దరూ ఒకరి బేస్‌మెంటుకి ఒకరు భూతద్దం పట్టుకుని వెళ్ళొస్తుంటారు, పల్లెటూళ్ళో పశువుల డాక్టర్లలాగా. ఇండియాకి ఫోను చేసినప్పుడు మాత్రం పక్కింటాయన పంటని బావ "గోంగూర" అంటాడు. అబద్ధం కాదట. నార తీసే గోగుకి శాస్త్రీయ నామం హైబిస్కస్ కెనాబినస్. ఆకు గంజాయి ఆకులా ఉంటుందనే ఆ పేరు పెట్టారు. అటు మా అమ్మ విశాఖ ఏజెన్సీలో పోలీసులు గంజాయి తోటలు నరికేస్తున్న వార్త టీవీలో చూస్తూ, "అక్కడ గోంగూరకి కూడా దీపాలు పెడతారా నాయనా?" అని జాలిపడుతుంది.

ఇద్దరి ఉమ్మడి శత్రువు ఎర్రనల్లి. చూడ్డానికి అర మిల్లీమీటరుంటుంది. పురుగు కూడా కాదు, ఎనిమిది కాళ్ళతో సాలీడు జాతిది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే ఆకు మీద ఎవరో సన్నగా ఉప్పు చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. గూడు కంటికి ఆనేటప్పటికి వేలల్లో ఉంటాయి. వేడీ పొడిగాలీ దానికి పండగ. ముప్ఫై డిగ్రీల దగ్గర గుడ్డు పెద్దదై మళ్ళీ గుడ్లు పెట్టడానికి వారం చాలు. కెనడా చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఆ పొడిగాలినే రాత్రింబవళ్ళు ఊదుతుంది. అంటే మా బావ నెలనెలా గ్యాసు బిల్లు కట్టేది నల్లి పురిటిగదికి.

అందుకే మడి. కరణీకం పోయి పొలం మిగిలిన ఇల్లు వాళ్ళది. వాళ్ళమ్మగారు మడి కట్టుకుంటే వంటింటి గడప ఎవరూ దాటకూడదు. కాలేజీ రోజుల్లో ఈయన అభ్యుదయవాది, ఆరేసిన మడిచీర కావాలని ముట్టుకుని ఆవిడ చేత మళ్ళీ స్నానం చేయించిన ఘనుడు. అదే మనిషి ఇప్పుడు వీధి తోటలో కాసేపు నిలబడితే ఆ బట్టలతో బేస్‌మెంటు మెట్లు దిగడు. బజారు నుంచి కొత్త మొక్క వస్తే మూడు వారాలు పై గదిలో మైల. మైల తీరాక ఆకు అడుగులు సబ్బునీళ్ళతో కడిగి, తెల్లకాగితం మీద దులిపి, రాలిన చుక్కల్లో ఏదీ నడవలేదని నిర్ధారించుకున్నాకే కిందకి ప్రవేశం. ఈ విద్య పక్కింటాయన దగ్గర నేర్చుకున్నాడు. ఆయనకి తొలిసారి నల్లి వచ్చింది ఒక స్నేహితుడు ప్రేమగా ఇచ్చిన కొమ్మ వల్లనే. "మనవాళ్ళు కొమ్మనీ అంటు అన్నారు, మైలనీ అంటు అన్నారు. ఊరికే అన్నారనుకున్నావా?" అని నన్ను దబాయిస్తాడు, ఆ రెండు మాటలూ తనే కనిపెట్టినట్టు.

కుండీల మీద మూగే సన్నదోమలంటే ఆయనకి లక్ష్యం లేదు. పైమట్టి ఆరనిస్తే, పసుపు జిగురు అట్టలు గుచ్చితే అవే పోతాయంటాడు. ఆయన పాండిత్యమంతా వేపనూనె దగ్గర బయటపడుతుంది. సీసా మూత తియ్యగానే ఉపన్యాసం: 1994లో యూరప్ పేటెంటు ఆఫీసు వాళ్ళు వేపనూనె మందు మీద ఒక అమెరికా కంపెనీకీ, అమెరికా వ్యవసాయ శాఖకీ కలిపి పేటెంటు ఎలా ఇచ్చారో, మనవాళ్ళు కొట్లాడితే 2000లో ఎలా రద్దు చేశారో, 2005లో అప్పీలు కూడా ఎలా కొట్టేశారో. ఆ ఆవేశంలో మొదటిసారి దీపాలు వెలుగుతుండగానే నూనె చల్లాడు. ఆకులు పోపులో వేసినట్టు వేగిపోయాయి. ఇప్పుడు దీపాలార్పి, చీకట్లో, నుదుటికి బ్యాటరీ లైటు కట్టుకుని చల్లుతున్నాడు. ఆ అవతారంలో మా అక్క ఒకసారి చూసి కెవ్వుమంది.

పక్కింటాయన పూత మీద మాత్రం ఏదీ చల్లడు. 2016 చివర్లో ఇక్కడ లైసెన్సున్న కంపెనీల గంజాయిలోనే మైక్లోబుటానిల్ అనే బూజుమందు దొరికి సరుకు వెనక్కి తెప్పించారు. దాన్ని కాలిస్తే హైడ్రోజన్ సైనైడ్ వస్తుంది. "నేను పీల్చేది, మీరు తినేది" అన్నాడట ఆయన. ఆ మాటకి బావ ఆ రాత్రి భోజనం మానేసి, తన అలమరలో సీసాల మీద పేర్లన్నీ చదివాడు.

ఇక మిగిలిన దారి నల్లిని తినే నల్లి. పేరు ఫైటోసీయులస్ పెర్సిమిలిస్, ఎర్రగా, నల్లికన్నా చురుగ్గా ఉంటుంది. 1958లో చిలీ నుంచి జర్మనీకి వెళ్ళిన ఆర్కిడ్ మొక్కల మీద ఎవరూ పిలవకుండానే దిగింది. ఇప్పుడు సీసాల్లో అమ్ముతున్నారు. సీసాకి వేలల్లో ఉంటాయి, ఇద్దరి ఆరు మొక్కలకీ ఒక్కటే ఎక్కువ. అందుకని సగం సగం పంచుకుంటారు. కొరియరు వచ్చే రోజు బావ ఆఫీసుకి సెలవు. మంచుసంచితో వచ్చిన ఆ సీసాకి దక్కిన మర్యాద నాకు నా పెళ్ళిలో దక్కలేదు. గాలి పొడిగా ఉంటే వాటికి పడదని గుడారంలో తేమ యంత్రం, అక్కకి జలుబు చేసినా ఇవ్వనిది, అక్కడ పెట్టాడు. కొత్తల్లుళ్ళ తిండి కూడా విచిత్రమే. ఎర్రనల్లి తప్ప ఇంకేమీ ముట్టవు, అది అయిపోతే ఆకలితో చస్తాయి. నల్లి పూర్తిగా పోయిన రోజున మా బావ అల్లుళ్ళు పస్తున్నారని రెండు రోజులు దిగులుగా తిరిగాడు.

నేను ఒళ్ళుమండి నవ్వే సంగతులు ఇవి. నవ్వలేనిది ఒకటుంది. 2021లో గుంటూరు, ఖమ్మం మిరపతోటల మీద నల్ల తామరపురుగు పడింది. పూతలోనే పీల్చేసింది. అక్కడ పొలం చూసేది బావ వాళ్ళ అన్నయ్య, ఎకరాలకెకరాలు దున్నేశాడు. చిన్నప్పుడు అదే చేలో వీపున స్ప్రేయరు మోసి, ఈ పురుగుల గోల నాకొద్దని కంప్యూటర్లు చదువుకుని వచ్చేసినవాడు మా బావ. ఆ రాత్రి గంటసేపు ఫోన్లో తేమ గురించీ, నీలం జిగురు అట్టల గురించీ, చీకట్లో చల్లడం గురించీ అన్నయ్యకి చెబుతూనే ఉన్నాడు. అటునుంచి ఆయన ఓపిగ్గా విని, "నీవెన్ని మొక్కలురా?" అని అడిగాడు. ఈయన "రెండు" అన్నాడు. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు నా సంగతి. నా జేబులోనూ భూతద్దం ఉంది. డాక్టరు గదిలో కూర్చున్నా ప్లాస్టిక్ కుండీలో మొక్కకి ఆకు తిప్పి చూస్తాను. ఈ రోగం పట్టింది పోయినేడు సంక్రాంతికి నేను బావకి ఒక మందారం కుండీ బహుమతిగా ఇచ్చాక. రూలు ప్రకారం దానికి మూడు వారాల మైల పట్టాలి. "మా తమ్ముడు తెచ్చింది, మా పుట్టింటి మొక్క, దానికి మైలేమిటి?" అని అక్క అదే పూట కిందకి దింపించింది. మూడు వారాల్లో రెండు బేస్‌మెంట్లలోనూ గూళ్ళు. బావ పక్కింటాయన్ని అనుమానించాడు, పక్కింటాయన ఆ పాత స్నేహితుణ్ణి. నేను ఇంటికెళ్ళి, ఆ మందారంతో పాటే కొన్న రెండో కుండీ ఆకు తిప్పి చూశాను. చూసి, రాత్రికి రాత్రి చెత్తలో పారేశాను. ఎవరికీ చెప్పలేదు.

మొన్న వెళితే గరాజులో ఆయనే ఎదురొచ్చాడు.

"ఏమోయ్, అప్పట్లో మందారాలు రెండు కొన్నావుగా. రెండోది ఎలా ఉంది?"

"చలికి పోయింది బావా."

"ఇంట్లోనే ఉంచావుగా?"

నేను మాట్లాడలేదు. ఆయన కొక్కెం మీంచి కొత్త చొక్కా ఒకటి తీసి చేతికిచ్చాడు. సంచి మీద మార్కరుతో నా పేరు రాసి ఉంది. సరిగ్గా నా సైజు.