వరండాలో ముంపు గ్రామం

2018 నవంబరులో గోదావరి–పెన్నా అనుసంధానం తొలిదశకు మన నకరికల్లులోనే శంకుస్థాపన జరిగింది. గోదారి నీళ్లు ఎత్తిపోసి తెచ్చి సాగర్ కుడికాలువలో కలపాలని పథకం. గోదారి సంగతి దేవుడెరుగు, వరండాలో మనీప్లాంటు మాత్రం అప్పుడే ముంపు గ్రామమైంది.

మనల్నీ మరీ తప్పుపట్టలేం. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలేదాకా మబ్బుకేసి చూసిన సీమ. నీళ్లు కంటబడితే పోసెయ్యాలి, రేపు వస్తాయో రావో! అందుకే పొద్దున అత్తగారు ఓ చెంబు, మధ్యాహ్నం కోడలు ఓ చెంబు, వాళ్లిద్దరికీ తెలియకుండా సాయంత్రం మామగారు ఓ మగ్గు. మూడు శాఖల మధ్య సమన్వయం లేదు.

ఆ మామగారే చేలో మహా మేధావి. వాన ఎక్కువై మిరప ఉరకెత్తిందంటే పార భుజానేసుకుని పోయి, నిలిచిన నీళ్లకు కాలవ తీసిగానీ అన్నానికి రాడు. వేరుకు గాలాడాలని ఆయనకొకరు చెప్పాలా? అదే మనిషి ఇంట్లో బెజ్జం లేని ప్లాస్టిక్ డబ్బాలో నల్లరేగడి కూరి, మొక్క తల వాల్చగానే, "దాహమేస్తందమ్మాయ్ దానికి, ఇంకో చెంబు పొయ్యి" అంటాడు.

దాహంతో వాలిన మొక్కా, మునిగి వాలిన మొక్కా పైకి ఒకేలా ఉంటాయి. గుట్టంతా మట్టిలో ఉంది. వేలు రెండు కణుపులు దించండి. పొడిగా ఉంటే దాహం. చల్లగా తడి తగిలి, కింది ఆకులు పసుపెక్కి, కుండీ కదపగానే మురుగు వాసనతో పాటు సన్నటి ఈగలు లేచాయా, అది ఉరకే. గాలందక కుళ్లిన వేరు నీళ్లలోనే ఉండి నీళ్లు తాగలేదు. ఆ మీద పోసే ప్రతి చెంబూ తులసి తీర్థమే.

మొదటి మందు చెంబు దాచెయ్యడం. కింది పళ్లెంలో నీళ్లు పారబోసి, కుండీని గాలి తగిలే నీడకు జరపాలి. వాసన బాగా ముదిరితే మొక్కను పెకలించి, మెత్తబడ్డ నల్లవేళ్లు కత్తిరించి, గట్టిగా ఉన్నవి ఉంచి, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపిన మట్టిలో, బెజ్జమున్న కుండీలో నాటాలి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వద్దు. బలానికని గుప్పెడు యూరియా పట్టుకొచ్చే బాబాయి ప్రతి వీధిలోనూ ఉంటాడు, ఆయన్ని గేటు దగ్గరే ఆపండి.

పై మట్టి ఆరాకే మళ్లీ నీళ్లు. ఇంట్లో వారబందీ పెట్టి కేలండరు మీద గీసినా మామగారు ఒప్పుకోలేదు. చివరి కుండీలకు నీరందడం లేదని ధర్నాకు కూర్చున్నారు.