ఐదు వేలు పట్టుకుని రా తమ్మీ!

వచ్చే ఎన్నికల్లో డోంగ్లి నుంచి నిలబడతానన్నావట. సిట్టింగ్ ఎమ్మెల్యే మీదే తొడగొడతానన్నావట. శభాష్! అడ్డుచెప్పేవాళ్లెవరూ లేరు. రాజ్యాంగం చెప్పదు, ఎన్నికల సంఘం చెప్పదు, చివరికి ఎమ్మెల్యే కూడా చెప్పడు. నవ్వి ఊరుకుంటాడంతే. డోంగ్లి ఉన్న జుక్కల్ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం కాబట్టి డిపాజిట్ సగమే, 5 వేలు. ఈ రోజుల్లో అంగట్లో ఆ పైసలకు మంచి మేక కూడా రాదు, ఎమ్మెల్యే అయ్యే అవకాశం మాత్రం వస్తుంది. పాతికేళ్లు నిండి, ఓటరు జాబితాలో పేరుండి, పదిమంది నిన్ను ప్రతిపాదిస్తూ సంతకాలు పెడితే చాలు.

పెద్ద పార్టీ అభ్యర్థికి ఒక్క సంతకం చాలు కదా, నాకెందుకు పది అంటావేమో. దానికో చరిత్ర ఉంది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి వేయించిన నామినేషన్లవి. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. ఢిల్లీకి నిజంగానే వినపడింది. విని ఊరుకోలేదు, ఆ ఏడాదే చట్టం సవరించింది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10 వేలకు, అసెంబ్లీ డిపాజిట్ 250 నుంచి 5 వేలకు పెరిగింది. స్వతంత్రులకు పది సంతకాల షరతూ అప్పుడే వచ్చింది. తర్వాత అసెంబ్లీ డిపాజిట్‌ను ఇంకోసారి పెంచి 10 వేలు చేశారు. అందులో సగమే నువ్వు కట్టేది. నీళ్లడిగినవాళ్లకు నీళ్లివ్వడానికి ఏళ్లు పట్టింది గానీ, అడిగే ఖర్చు పెంచడానికి నెలలే పట్టింది.

పది సంతకాలేగా, మా వాడకట్టులోనే అయిపోతాయంటావు. అవుతాయి, రాత్రిపూట. తెల్లారాక చూడు. ఒకాయనకు ఇంటి బిల్లు ఇంకో విడత రావాలి. ఒకామె సంఘం లోను బ్యాంకులో ఉంది. ఇంకొకాయన కొడుకు ఔట్‌సోర్సింగ్ కొలువులో ఉన్నాడు. వాళ్లనెవరూ బెదిరించరు, ఇది ప్రజాస్వామ్యం. చోటా లీడరొకడు బండి ఆపి, చెప్పు కాలితో స్టాండు వేసి, "ఏం కాకా, మంచిగున్నవా? బిల్లు పడ్డదా?" అంటాడు. అంతే, ఉత్త కుశలప్రశ్న. మధ్యాహ్నానికి నీ పదిమందిలో ముగ్గురికి జ్వరం. అందుకని పదిహేను మందిని చూసుకో.

ఇక ఫారం 26. ఇది అఫిడవిట్. నీ ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ ఇందులో రాయాలి. గడులు ఖాళీగా వదిలితే నామినేషన్‌కే ఎసరు. అందుకని ప్రతి గడిలోనూ రాస్తావు: షేర్లు లేవు, బాండ్లు లేవు, బంగారం లేదు, వాణిజ్య భవనాలు లేవు. ఏమీ లేదని రాయడానికి కూడా నోటరీ కావాలి, వకీలు కావాలి. వాళ్ల ఫీజు కట్టేసరికి, లేదని రాసినదాంట్లోంచి ఇంకొంచెం లేకుండా పోతుంది.

ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ అంకె చూసి భయపడకు. నువ్వు దాని దరిదాపులకు వెళ్లవు. పెద్ద అభ్యర్థులూ ఎవరూ దాటరు, కాగితం మీద. వాళ్ల దగ్గర లెక్కలు రాయడం తెలిసిన ఆడిటర్లుంటారు. నీ దగ్గర టీ కొట్టు బాకీ చిట్టీ ఉంటుంది. ఫలితాలొచ్చిన ముప్పై రోజుల్లో ఆ చిట్టీని పద్ధతి ప్రకారం అప్పజెప్పకపోతే నిన్ను మూడేళ్లు అనర్హుణ్ని చేయగలరు. కోట్లు పారించి లెక్క కుదిర్చినవాడు అర్హుడు. ఐదు వేలు పోగొట్టుకుని లెక్క మరిచినవాడు అనర్హుడు. న్యాయం గుడ్డిదంటారు గానీ, దానికి రసీదులు బాగానే కనపడతాయి.

అయినా ధైర్యం చెడకు. కొత్తవాళ్లు గెలవరని ఎవరన్నారు? మన జుక్కల్‌లోనే చూడు. హన్మంత్ షిండే 2009లో టీడీపీ నుంచి, 2014, 2018లలో టీఆర్‌ఎస్ నుంచి గెలిచారు. 2023లో కాంగ్రెస్ అభ్యర్థి తోట లక్ష్మీకాంతారావు ఆయన్ని 1,152 ఓట్లతో ఓడించి తొలిసారి అసెంబ్లీకి వెళ్లారు. ఒక్క పోలింగ్ బూత్‌లో పట్టే ఓటర్లంత కూడా లేదు ఆ తేడా. అంటే కొత్తమొహానికి ఇక్కడ చోటుంది. కాకపోతే ఆ మొహం పక్కన చేతిగుర్తో, కారో, కమలమో ఉండాలి.

అదే ఎన్నికల్లో పక్కనే కామారెడ్డిలో కాటిపల్లి వెంకటరమణారెడ్డి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌నూ, కాబోయే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డినీ ఒకే దెబ్బకు ఓడించారు. సామాన్యుడు గెలిచాడని మనం మురిసిపోయాం. ఆ సామాన్యుడు గతంలో జిల్లా పరిషత్ చైర్మన్‌గా చేసినవాడు, బీజేపీ గుర్తు మీద నిలబడ్డవాడు. మన లెక్కలో సామాన్యుడంటే, ముఖ్యమంత్రి కన్నా తక్కువ మంది గన్‌మెన్లున్నవాడు.

ఏ పార్టీ లేకుండా నిలబడితే ఏమవుతుందో కూడా ఆ 2023 ఎన్నికల్లోనే, కొల్లాపూర్‌లో చూశాం. అక్కడ అంతకుముందు 2018లో కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్‌రెడ్డి టీఆర్‌ఎస్ మంత్రి జూపల్లి కృష్ణారావును ఓడించారు. గెలిచినాయన టీఆర్‌ఎస్‌లో చేరారు. ఓడినాయన కొన్నాళ్లకు కాంగ్రెస్‌లో చేరారు. 2023లో మళ్లీ ఆ ఇద్దరే, కండువాలు తారుమారు. మధ్యలో ఏ కండువా లేకుండా కర్నె శిరీష విజిల్ గుర్తు మీద నిలబడింది. చదువుకున్నా కొలువు రాక బర్రెలు కొనుక్కున్నానని వీడియో పెట్టి, పోలీసు కేసు నెత్తిన వేసుకున్న బర్రెలక్క ఈమే. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగింది. భద్రత కోసం హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. రాష్ట్రమంతా ఆమెను మెచ్చుకుంది. ఫోన్లలో చూసినవాళ్లకు లెక్కలేదు. ఓట్లకు మాత్రం లెక్క ఉంది: 5,754. డిపాజిట్ పోయింది. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటితే గానీ అది వెనక్కి రాదు. సెల్ఫీలను ఎన్నికల సంఘం లెక్కించదు.

మరి ఓట్లు ఎటు పోతాయి? నువ్వే డోంగ్లిలో ఇంటింటికీ తిరిగి అడుగు. "నువ్వు మంచోనివి బిడ్డా, నీకేస్తే ఓటు ఖరాబైతది" అంటారు. ఇది మన రాజకీయశాస్త్రం మొత్తానికీ సారాంశం. గెలిచేవాడికే ఓటేస్తాం. గెలిచేవాడెవడు? మనం ఓటేసినవాడు. ఈ గానుగ చుట్టూ ఐదేళ్లకోసారి తిరుగుతూ, ఇన్ని చుట్లు తిరిగినా ఊరు కదలదేమని మనమే ఆశ్చర్యపోతాం. అలా జాగ్రత్తగా దాచుకున్న ఓటును ఒక్కోసారి కవరు కోసం తీస్తాం. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో పైసలు పంచారని కాదు, మాకు పంచలేదని జనం రోడ్డెక్కారు. ఓటు ఖరాబు కాకూడదన్న పట్టింపు అంటే అలా ఉండాలి.

ఒంటరిగా కాకుండా గుంపుగా వస్తే? అదీ చేసి చూశారు. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది బరిలో నిలిస్తే అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో బూత్‌లో పన్నెండు ఓటింగ్ యంత్రాలు వరుసగా పేర్చాల్సి వచ్చింది. రైతు ఒక్కడూ గెలవలేదు, సిట్టింగ్ ఎంపీ కవిత మాత్రం ఓడిపోయారు. రైతులడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. రైతులకు సీట్లు రాలేదు గానీ పార్టీలకు నిద్ర కరువైంది. నల్లగొండ వాళ్లు నేర్పిన పాఠం ఇరవై మూడేళ్లకు నిజామాబాద్‌లో మళ్లీ పనికొచ్చింది.

నీకు గౌరవం దక్కే రోజు కూడా ఒకటుంది, ఉపసంహరణ గడువు రోజు. 1,152 ఓట్లతో ఫలితం తారుమారయ్యే చోట నీకు పడే పదిహేను వందల ఓట్లు ఎవరిని ముంచుతాయోనని పెద్ద అభ్యర్థులిద్దరూ లెక్కలేసుకుంటారు. అప్పటిదాకా నీ పేరు తెలియనివాళ్లు నీ గుమ్మంలో చెప్పులు విడుస్తారు. "తమ్మీ, పార్టీల నీకు మంచి భవిష్యత్తున్నది" అంటారు. నామినేటెడ్ పోస్టు అంటారు. అడిగితే ఆ పోస్టు పేరు మాత్రం చెప్పరు. మూడు గంటలకు గడువు ముగుస్తుంది. మూడుం పావుకు నీ పేరు మళ్లీ ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు ఫోను ఇంట్లో పెట్టి మంజీర నది వైపు వెళ్లిపో.

నిలబడితే ఏం మాట్లాడాలో నీకు నేర్పాల్సిన పని లేదు. 2022లో మద్నూర్ నుంచి విడదీసి డోంగ్లిని మండలం చేశారు, సంబురాలు చేసుకున్నాం. మహారాష్ట్రతో కలిసి కట్టే లెండి ప్రాజెక్టు 1980ల నాటిది. మన వైపు 22 వేల ఎకరాలు తడుస్తాయన్నారు. ఆ తర్వాత తెలుగులో, మరాఠీలో, కన్నడంలో ఓట్లడిగినవాళ్లంతా లెండి పేరెత్తారు. మూడు భాషల్లో ఒకే హామీ ఇన్నేళ్లు చెక్కుచెదరకుండా నిలిచిందంటే అది మన సరిహద్దు సంస్కృతి గొప్పతనమే. నల్లరేగడి మాత్రం ఇప్పటికీ మొగులు వైపే చూస్తోంది.

కాబట్టి ఐదు వేలు పట్టుకుని రా తమ్మీ. గెలవవు. ఆ మాట నీ మొహం మీదే చెబుతున్నా. కానీ ఇంటింటికీ తిరిగేటప్పుడు, నీకేస్తే ఓటు ఖరాబైతదన్న ప్రతివాళ్లనూ ఒక్క ప్రశ్న అడుగు: మరి ఇన్నేళ్లలో ఒక్కటన్నా ఖరాబు చేశారా? చేయలేదు. చేతికేశాం, సైకిల్‌కేశాం, కారుకేశాం, మళ్లీ చేతికేశాం. ప్రతిసారీ గెలిచే గుర్రం చూసే వేశాం. నలభై ఏళ్లుగా డోంగ్లిలో ఓటు ఒక్కటీ ఖరాబు కాలేదు. ఖరాబైనవన్నీ తక్కినవే.