చెప్పకూడని పదిహేనేళ్ళు

నేవీలో కమ్యూనికేషన్ శాఖలో పనిచేసి బయటికొచ్చినవాడికి రెజ్యూమే రాసుకోవడమంత గండం ఇంకోటి లేదు. చెప్పుకోదగ్గదంతా రహస్యం. రహస్యం కానిదేదీ చెప్పుకోదగ్గది కాదు. ఏ ఓడలో చేశావో రాయబోతే చెయ్యి వెనక్కి లాగుతుంది, ఏ పరికరం వాడావో రాయబోతే గొంతు తడారిపోతుంది. అధికార రహస్యాల చట్టం పుట్టింది 1923లో. అంటే 1933లో తెరిచిన మా విశాఖ పోర్టు కంటే పదేళ్ళు పెద్దది. అంత పెద్దావిడ మాట జవదాటగలమా?

కొట్టెయ్యగా కొట్టెయ్యగా నా రెజ్యూమేలో ఒకే వాక్యం మిగిలింది: ‘సందేశాలు పంపాను, వచ్చినవి అందుకున్నాను.’ మా అక్క కొడుకు అది చూసి, “మావయ్యా, ఇది వాట్సాప్ ఉన్న ప్రతివాడూ రాసుకోవచ్చు” అన్నాడు.

వాడే లింక్డిన్‌లో ఖాతా తెరవమన్నాడు. 2019 డిసెంబరులో విశాఖ గూఢచర్యం కేసులో కొందరు నావికులు అరెస్టయ్యాక, నేవీ తన ఓడల్లోనూ స్థావరాల్లోనూ స్మార్ట్‌ఫోన్లనీ ఫేస్‌బుక్‌నీ నిషేధించింది. (ఇది పేపర్లో వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇక ముందూ పేపర్లో వచ్చినవే రాస్తాను.) అలాంటి చోటు నుంచి వచ్చినవాణ్ణి పట్టుకుని ఫోటో పెట్టు, చేసిన చోటు పెట్టు, సాధించిన ఘనకార్యాలు పెట్టు, ముక్కూమొహం తెలియనివాళ్ళతో పరిచయం పెంచుకో అంటే ఎలా? ముక్కూమొహం తెలియని అమ్మాయి ఆన్‌లైన్‌లో పలకరిస్తే ఏం చెయ్యాలో మాకు క్లాసులు పీకేవారు. అందుకే ఒక హెచ్ఆర్ అమ్మాయి ‘హాయ్, మీ ప్రొఫైల్ ఆసక్తికరంగా ఉంది’ అని పంపగానే, జవాబివ్వడం మానేసి దీన్ని ఎవరికి రిపోర్టు చెయ్యాలా అని ఆలోచించాను.

ఎలాగో జవాబిచ్చి ఇంటర్వ్యూకి వెళ్తే ఎదురుగా అదే అమ్మాయి. “మీ కెరీర్లో ఎదురైన కష్టమైన పరిస్థితి ఒకటి చెప్పండి.”

“చెప్పకూడదండి.”

“పోనీ, మీరు దాన్ని ఎలా ఎదుర్కొన్నారు?”

“అది అసలు చెప్పకూడదండి.”

“పోనీ ఫలితం?”

“దేశం బాగానే ఉంది కదండీ.”

పక్కనున్న కుర్రాడు మరీ మంచివాడు. నన్ను గట్టెక్కిద్దామని, “మీరు జెండాలూ అవీ ఊపేవారా సర్?” అన్నాడు. ఊపేవాళ్ళం, నిజమే. జెండాలున్నాయి, దీపంతో మోర్స్ కొట్టడమూ ఉంది. కానీ 2013 ఆగస్టులో ఫ్రెంచ్ గయానా నుంచి జీశాట్-7 ఉపగ్రహం ఎగిరి, రుక్మిణి పేరుతో నేవీ కోసమే ఆకాశంలో కూర్చుంది. ఆ సంగతి చెప్పాను, పేపర్లో వచ్చింది కాబట్టి. అయినా అతని చూపులో నేనింకా పావురాల కాలం మనిషినే.

రిటైర్డ్ అనే మాటతో వచ్చే తంటా వేరు. పద్దెనిమిదేళ్ళకి చేరి పదిహేనేళ్ళు చేసి ముప్ఫై మూడుకే పెన్షన్ మీద బయటికొచ్చేశాను. ఇల్లు అద్దెకి అడగడానికి వెళ్తే గాజువాకలో ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, “రిటైరయ్యారా? ఇంత చిన్న వయసులో... ఏం జరిగింది బాబూ?” అని గొంతు తగ్గించి అడిగాడు. డబ్బు కాజేసి దొరికిపోయి ఉంటానని ఆయన అనుమానం. అదే నేను రుషికొండ ఐటీ ఆఫీసులో అడుగుపెట్టగానే అందరికీ అంకుల్ని. గాజువాకలో మరీ కుర్రాణ్ణి, రుషికొండలో మరీ ముసలాణ్ణి.

మా చిన్నమావయ్యకి ఈ ప్రైవేటు వ్యవహారమే నచ్చలేదు. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి ఫర్నేస్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఆ ఫర్నేసుల పేర్లు చెప్పేటప్పుడు సొంత మేనకోడళ్ళ గురించి చెప్పినట్టు చెబుతాడు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో గ్రూప్ సి ఉద్యోగాలకి మాజీ సైనికులకి పద్నాలుగున్నర శాతం కోటా ఉందని ఆయనకి కంఠతా వచ్చు.

“ఏటి అల్లుడా, పద్నాలుగున్నర పెట్టుకోని కొండెక్కి కూకుంటానంతావేటి?”

“మావయ్యా, 2021లోనే ప్లాంటు అమ్మేస్తామన్నారు కదా.”

“అమ్మితే అమ్మనీ. కోటా కోటాయే.”

ఆ ధైర్యం నాకు చాలక కొండే ఎక్కాను. ఐటీ కొండ మీద ఒక కంపెనీలో నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్. కిటికీల్లేని గది, గోడనిండా తెరలు, మూడు షిఫ్టులు, పగలో రాత్రో తెలియదు. మిగతావాళ్ళకి ఊపిరాడేది కాదు. నాకు మాత్రం ఓడలో రేడియో రూముకీ దానికీ ఒక్కటే తేడా కనిపించింది, అది ఊగదు. ఊగకపోవడం వల్లే మొదట్లో కాస్త కళ్ళు తిరిగాయి.

మేనేజరు నాకంటే బాగా చిన్నవాడు. అతను గదిలోకి రాగానే నేను లేచి నిలబడేవాణ్ణి. అతను ఠక్కున వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేవాడు.

పని నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. రూటర్లూ స్విచ్చులూ ఎవరైనా నేర్పుతారు. సర్వర్లు రాసుకునే లాగ్‌లలో టైమంతా యూటీసీలో ఉంటుంది. టీమ్‌లోని కుర్రపిల్లలు దాన్ని మన టైముకి మార్చడానికి ఫోనులో వెతికేవాళ్ళు. మాకు అది జులూ టైము. సముద్రం మీద ఏ మూలనున్నా సందేశం మీద వేసేది అదే. ఐదున్నర కలపడం మాకు నిద్రలో కూడా వచ్చు. ఆ గదిలో నాతో నా భాషలో మాట్లాడింది మొదట ఆ లాగ్‌లే. మనుషులతోనే చిక్కు.

నేవీలో సందేశం నెత్తిన దాని తొందరెంతో రాసి ఉంటుంది: ఫ్లాష్, ఇమ్మీడియట్, ప్రయారిటీ, రొటీన్. ఫ్లాష్ అంటే శత్రువు కనబడ్డాడన్న మొదటి కబురు లాంటిది. అదొచ్చిందంటే మిగతావన్నీ పక్కకి తప్పుకోవాల్సిందే. కంపెనీలో కూడా సరిగ్గా నాలుగే, పీ1 నుంచి పీ4 వరకూ. అమ్మయ్య అనుకున్నాను. అంతలో తెర మీద ఎర్రగా పీ1 పడింది. గుండె ఝల్లుమని, తెలియకుండానే లేచి నిలబడ్డాను. మూడో అంతస్తు మీటింగ్ రూములో ప్రొజెక్టర్ వెలగడం లేదట. పంపినాయన వైస్ ప్రెసిడెంటు. అదే రోజు పీ4లో ఒకటి: ‘మెయిల్ సర్వర్ కొంచెం నెమ్మదించినట్టుంది, వీలున్నప్పుడు చూడగలరు.’ చూస్తే సర్వర్ కొన ఊపిరితో ఉంది. పంపినాయనది పశ్చిమగోదావరి, మర్యాదస్తుడు.

ఆ రోజు నుంచీ నాకొక అభిప్రాయం స్థిరపడింది. బయటి ప్రపంచంలో కబురు తొందర సంగతిని బట్టి ఉండదు, చెప్పేవాడి కుర్చీని బట్టి ఉంటుంది. అడ్మిరల్ గారైనా సరే టీ చల్లారిందని ఫ్లాష్ పంపరు.

రెండో చిక్కు జవాబు. మా దగ్గర కబురు అందినవాడు అందిందని చెప్పాలి. ముఖ్యమైనదైతే విన్నది తిరిగి అప్పజెప్పాలి. ఇక్కడ మెసేజ్ పంపితే బావిలో రాయి వేసినట్టే, చప్పుడు కూడా రాదు. అడిగితే, “చూశాను అంకుల్, బ్లూ టిక్ పడిందిగా” అంటారు. జవాబివ్వకుండా ఉండే హక్కు సబ్‌మెరైన్లకే ఉంది. తిరునెల్వేలి జిల్లాలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అని ఒక కేంద్రముంది (పేపర్లో వచ్చింది). అక్కణ్ణుంచి బాగా తక్కువ ఫ్రీక్వెన్సీలో పంపితే నీళ్ళలో మునిగున్న సబ్‌మెరైన్ కూడా వినగలదు. వినడమే, అదే దారిలో తిరిగి చెప్పలేదు. మూడు నెలలకోసారి అమెరికా నుంచి మా సీఈఓ వీడియోలో అందరితో మాట్లాడే సభ కూడా అచ్చం ఆ పద్ధతే.

ఒక రాత్రి అనకాపల్లి దగ్గర హైవే పక్కన జేసీబీ ఫైబర్‌ని తెంపేసింది. నిజమైన పీ1. బ్రిడ్జి కాల్‌లోకి చెన్నై, పుణె, న్యూజెర్సీ అందరూ వచ్చిపడ్డారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, మాట్లాడనివాళ్ళు నా మాట వినబడుతోందా అని అడుగుతున్నారు, ఎవరిదో కుక్క మొరుగుతోంది. ఒక పరికరం సీరియల్ నంబరు చెప్పబోయి పుణె అబ్బాయి “ఎం ఫర్ మ్యాంగో” అంటే చెన్నై ఆయన “ఎన్ ఫర్ నార్మలా?” అంటున్నాడు. పదిహేనేళ్ళ అలవాటు నాలో నిద్రలేచింది.

“అందరూ ఆగండి. ఈ కాల్ నా అదుపులో ఉంది. నేను పిలిచినవాళ్ళే మాట్లాడాలి. మాట అయిపోతే ఓవర్ అనాలి.”

నిశ్శబ్దం. కుక్క కూడా ఆగింది. నంబరు మైక్, సియెర్రా, ఫాక్స్‌ట్రాట్ అంటూ నేను చదివాను, చెన్నై తిరిగి అప్పజెప్పింది. 1956లో ప్రపంచమంతా ఒప్పుకున్న వరస అది, మామిడిపండుతో పనిలేదు. తర్వాత గొయ్యి దగ్గరున్న టెక్నీషియన్ని పిలిచాను.

“సార్, తవ్వినోల్లు ఎల్లిపోనారు. తీగ రెండు ముక్కలైపోనాది. అతికీడానికి రెండు గంటలవుద్ది సార్. ఓవర్.”

ఆ కాల్‌లో ఉన్న ఇంజనీర్లందరిలో పద్ధతిగా ఓవర్ అన్నది అతనొక్కడే. కాకపోతే అప్పుడే కాల్‌లోకి దూరిన మేనేజరు ఆ చివరి ముక్క ఒక్కటే విన్నాడు. పని అయిపోయిందనుకుని, సమస్య తీరిపోయిందని క్లయింటుకి మెయిలు కొట్టేశాడు. ఆ తర్వాత రెండు గంటలూ ఫైబర్ అతికించడం కంటే ఆ మెయిలు అతికించడమే పెద్ద పని.

అయినా పద్ధతి నిలబడింది. ఇప్పుడు పిల్లలు షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్ రాస్తున్నారు. తప్పు రాస్తే చెరపకుండా, ఒక్క గీత కొట్టి పక్కన పొడి సంతకం పెడుతున్నారు. ఎందుకంత చాదస్తం అంటే గ్రేస్ హాపర్ సంగతి చెబుతాను. అమెరికన్ నేవీ మనిషి. 1947 సెప్టెంబరులో ఆమె పనిచేసే చోట కంప్యూటర్లో చిమ్మటపురుగు ఇరుక్కుంటే, దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి పక్కన వివరం రాశారు. పురుగునే అంటించారు, చూడండి, సాక్ష్యం అంటే అదీ. ఆవిడ నేవీ నుంచి రిటైరైంది 1986లో, 79 ఏళ్ళకి. ఆ తర్వాత ఊరుకోకుండా కంప్యూటర్ కంపెనీలో చేరింది. ఇది చెప్పాక నన్ను అంకుల్ అనడం కాస్త తగ్గింది.

టీమ్ అవుటింగ్ అంటే రిసార్టు అన్నారు. నేను బీచ్‌రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళాను. గుండ్రటి తలుపుల్లోంచి ఒక కాలు, తల, రెండో కాలు వరసలో దూరుతూ, మేనేజరు నుదురు రెండుసార్లు కొట్టుకుంటూ రేడియో గది దాకా వెళ్ళాం. బీరువా అంత గది. కురుసుర నేవీలో చేరింది 1969 డిసెంబరులో. అంతకు ఏడు వారాల ముందే, అక్టోబరు 29న, ఇంటర్నెట్‌కి అమ్మమ్మ అయిన ఆర్పానెట్‌లో మొదటి సందేశం పంపబోయారు. ‘లాగిన్’ అని టైపు చేస్తుంటే రెండక్షరాలు వెళ్ళి కంప్యూటర్ పడిపోయింది. “అంటే మన వృత్తి మొదలైందే పీ1తో అన్నమాట” అన్నాడు మేనేజరు నుదురు రుద్దుకుంటూ. అతని మీద గౌరవం కలిగింది.

2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్ పెడుతుందనీ, సముద్రం కింద నుంచి కేబుళ్ళు వస్తాయనీ పేపర్లనిండా వచ్చింది. తెల్లారేసరికి మావయ్య ఫోను.

“అల్లుడా, సముద్రం కింద తీగలేత్తారంట గదా. నీకు నీల్లలో అలవాటే గదా, అప్లయ్ సేసీ.”

“నేను నీళ్ళ మీద పనిచేశాను మావయ్యా, కింద కాదు.”

“మీదయితే ఏటి, కిందయితే ఏటి, నీల్లే గదా. అందులో మాజీ సైనికులకి ఎంత శాతమో ముందు కనుక్కో.”