క్లెయిము పెద్దమనిషి

క్లెయిము పెద్దమనిషి వకీలు కాడు, కోర్టు గుమాస్తా కాడు, బీమా ఏజెంటు అసలే కాడు. అయినా అనంతగిరి నుంచి ముంచంగిపుట్టు దాకా ఏ మలుపులో జీపు బోల్తా పడినా, ఆ కాగితాలు విశాఖపట్నంలోని మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కి చేరేది చాలావరకు అతని చంకలోని ప్లాస్టిక్ ఫోల్డరులోనే. వయసు నలభై దాటి ఉంటుంది. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో రెండు ఫోన్లు. చదువు ఇంటర్ దగ్గర ఆగింది గానీ మోటారు వాహనాల చట్టంలో 166వ సెక్షను నోటికి వచ్చు. 165లో, 167లో ఏముందో అడగకూడదు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా ధారాళంగా, కువి అవసరానికి సరిపడా మాట్లాడతాడు. విశాఖలో ఎంత పేరున్న వకీలుకైనా లేనిది ఇదే, అతని పెట్టుబడీ ఇదే.

అతను దొరికే చోట్లు మూడు: ఆసుపత్రి గేటు, పోలీస్ స్టేషన్ ఎదుటి టీ కొట్టు, విశాఖ కేజీహెచ్ క్యాజువాల్టీ వరండా. దెబ్బలు తగిలినవాడు కళ్లు తెరిచేసరికి మంచం పక్కన బ్రెడ్డు ప్యాకెట్టుతో కూర్చుని ఉంటాడు. ఆడవాళ్లను అప్పా అంటాడు, మగవాళ్లను బావా అంటాడు. భగతలతో మాట్లాడితే భగతల్లో, కొండదొరలతో మాట్లాడితే కొండదొరల్లో అతనికో మేనమామ తేలతాడు.

చలికాలంలో వలిసెపూలు చూడ్డానికి కొండెక్కే టూరిస్టుల మీద అతనికి ఆశ లేదు. 2021 ఫిబ్రవరి 12న డముకు దగ్గర హైదరాబాద్ యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయినప్పుడు ఆ ఘాట్ పేరు దేశమంతా వినబడింది. అలాంటి కేసుల్లో అతనికి పని ఉండదు. బాధితులు తాము నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చని చట్టం చెబుతుంది గనుక, కేసు వాళ్లతో పాటే మైదానానికి దిగిపోతుంది. అతని సేద్యమంతా స్థానికమే: సంత జీపు, లగేజీ ఆటో, పెళ్లి ట్రాక్టరు.

మొదటి పని రాజీని చెడగొట్టడం. బండి యజమాని సాధారణంగా పక్క ఊరివాడే అయి ఉంటాడు. పెద్దల ముందు దినకర్మల ఖర్చుకింత అని చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని బయటపడాలని చూస్తాడు. అప్పుడు పెద్దమనిషి లేచి నిలబడతాడు. "ఇరవై వేలకి మనిషిని అమ్ముకుంటారేటి?" అని గూడెమంతా వినబడేట్టు గద్దిస్తాడు. ఈ ఒక్క ఘట్టంలో అతను చేసేది నిజంగా మంచి పని. అతను రాకపోతే చాలా కుటుంబాలు ఆ ఇరవై వేలతోనే సరిపెట్టుకునేవి. యజమాని పక్కకి పిలిచి అతనికేదో ముట్టజెబితే మాత్రం ఆ గొంతు కాస్త తగ్గుతుంది.

అతను చెప్పని సంగతులు రెండున్నాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు తొలి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి; ఆ నివేదికనే క్లెయిము దరఖాస్తుగా తీసుకోవచ్చు. రెండోది, 1987 నాటి న్యాయసేవల చట్టం కింద షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. కొండ మీద ఇంచుమించు ప్రతి బాధితుడికీ ఆ అర్హత ఉంది. ఇవి అతనికి తెలియక కాదు. చెబితే ఫోల్డరు బరువు తగ్గుతుంది. ఆరు నెలల్లోగా దరఖాస్తు పడాలన్న మూడో సంగతి మాత్రం మొదటి వారం నుంచే చెబుతాడు, అదీ "రేపటితో ఆఖరు" అని.

విద్వత్తు బయటపడేది లెక్కలో. 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసిన లెక్క అతనికి కంఠతా. చనిపోయినవాడికి 32 ఏళ్లు, నెలకు 10,000 రూపాయల సంపాదన అనుకుంటే, సొంత పని చేసుకునేవాడు, నలభై లోపువాడు గనుక ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 14,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడి ఉంటే సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయగా 10,500. ఏడాదికి 1,26,000. 31 నుంచి 35 ఏళ్ల వారికి గుణకం 16. వెరసి 20,16,000 రూపాయలు. టీ గ్లాసు కింద పెట్టేలోగా ఈ లెక్క నోటితో తేల్చేస్తాడు. తన వాటా అంతకన్నా ముందే తేల్చుకుని ఉంటాడు.

అదే మనిషికి 36 ఏళ్లని తేలితే గుణకం 15కి పడిపోతుంది, 1,26,000 ఎగిరిపోతుంది. కాబట్టి వయసు మీద అతనికి శ్రద్ధ ఎక్కువ. ఆధార్ కార్డుల ప్రకారం గూడేలకు గూడేలు జనవరి 1న పుట్టాయి. ఏడాది మాత్రం కార్డు తీసిన కుర్రాడు ఎదుటివాడి తలవెంట్రుకలు చూసి వేసింది. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదనీ, బడి సర్టిఫికెట్టే మేలనీ 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్నాక, ఆశ్రమ పాఠశాలల హెడ్మాస్టర్లందరికీ అతను చుట్టమైపోయాడు. ఆదాయం మరో తంటా. పోడు, కాఫీ, మిరియాలు, ఉపాధి హామీ కూలి కలిస్తే బతుకు వెళ్తుంది గానీ జీతం చీటీ రాదు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కి కాఫీ అమ్మిన రసీదొకటి ఇంటి చూరులో దొరికిందంటే ఆ రోజు అతనికి పండగ.

అసలు నేర్పు చూడాలంటే లగేజీ ఆటో కేసుల్లో చూడాలి. బస్సు రాని గూడేల నుంచి జనం సంతకు దిగేది సరుకుబండి మీదే. సరుకుబండిలో ఊరికే ఎక్కినవాడికి బీమా కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకుతో పాటు వెళ్లే సరుకు యజమానికి మాత్రం 1994 నాటి సవరణ రక్షణ ఇస్తుంది. అందువల్ల బోల్తా పడ్డ ఆటోలో పద్నాలుగు మంది ఉంటే, ఫోల్డరులోంచి బయటికొచ్చేసరికి పద్నాలుగురూ వర్తకులై ఉంటారు. ఒకరికి అల్లం బస్తా, ఒకరికి పిప్పళ్లు, ఒకరికి రాజ్‌మా, కాలేజీ కుర్రాడికి రెండు పనసకాయలు. ఇంత సరుకూ ఇంతమందీ ఒక్క ఆటోలో ఎలా పట్టారన్నది బీమా కంపెనీ వకీలుకు కలిగే సందేహం.

బోనులో ముసలమ్మ నిలబడుతుంది. ముందు రాత్రంతా ఆమెకు పాఠం నడిచింది: "యాభై కేజీల అల్లం, అప్పా. యాభై." వకీలు మర్యాదగానే అడుగుతాడు, ఆ రోజు బండిలో మీ సరుకేమిటమ్మా అని. ఆమె జడ్జిగారి వైపోసారి, తలుపు వైపోసారి చూస్తుంది. "నాకాడ సరుకేటుంది బాబూ. కూతురింటికి ఎల్తన్నాను. అల్లం అని ఆ బాబు సెప్పమన్నాడు." ఇక బీమా కంపెనీ చేతులు దులుపుకుంటుంది, బాధ్యత ఆటో యజమాని మీద పడుతుంది. అతని ఆస్తల్లా ఆ ఆటోయే. అది లోయలో ఉంది.

మిగతా రకం కేసుల మీద అతనికి మోజు లేదు. సొంత బైకు మీంచి తానే పడ్డవాడికి మూడో వ్యక్తి బీమా వర్తించదు. యజమానే నడిపితే వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకు లైసెన్సు కావాలి. ఉందా అని అడిగి, జవాబు వినకుండానే ఫోల్డరు మూసేస్తాడు. గుద్దేసి పారిపోయిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 ఇస్తారు. ఆ దరఖాస్తు వెళ్లేది రెవెన్యూ అధికారి దగ్గరికి, కోర్టుకు కాదు. అందులో వాయిదాల్లేవు గనుక వాటా అడగడానికి మొహం చెల్లదు.

ఫీజు ప్రసంగం ఎప్పుడూ ఒకటే: "ఇప్పుడు పైసా పెట్టొద్దు, వచ్చాక చూసుకుందాం." గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం, దళారుల ద్వారా కేసులు పట్టడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. తాను వకీలు కాడు గనుక ఆ నియమాలు తనకు వర్తించవని అతని వాదం. 2023లో అడ్వకేట్ల చట్టాన్ని సవరించి ఆ లోటూ పూడ్చారు: దళారుల జాబితా తయారుచేసి కోర్టులో వేలాడదీయవచ్చు, జాబితాకెక్కాక కూడా అదే పని చేస్తే మూడు నెలల దాకా జైలు గానీ, 500 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఒక్క వాయిదాకి నలుగురు సాక్షులను ఘాట్ దించి, టిఫిను పెట్టించి, మళ్లీ ఎక్కించడానికి అతనికయ్యే ఖర్చు ముందు ఆ జరిమానా ఏపాటి? పైగా జాబితా వేలాడేది కోర్టులో, అతను కూర్చునేది ఎదుటి జిరాక్సు షాపులో.

ఇన్ని వాయిదాలు నడిచిన కేసు తరచు లోక్ అదాలత్‌లో ఒక్క పూటలో తెగుతుంది. వచ్చిన సొమ్ములో కొంత హక్కుదారు ఖాతాలో పడుతుంది, కొంత ఫిక్సుడు డిపాజిట్ అవుతుంది, పిల్లల వాటా వాళ్లకు మైనారిటీ తీరేదాకా బ్యాంకులో ఉంటుంది. చదువురానివాళ్ల సొమ్మును ఇతరులు కాజేయకుండా ఈ కట్టుదిట్టం చెయ్యమని 1993లో సుసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్లెయిము పెద్దమనిషి ఆ తీర్పును కూడా గౌరవిస్తాడు. ఖాతాలో పడ్డదాంట్లోంచి తన వాటా ఆ పూటే బ్యాంకు మెట్ల మీద లెక్కపెట్టుకుని, డిపాజిట్‌లో ఉన్నదాని కోసం మర్నాడే ఇల్లు కట్టుకోవాలనో కూతురి పెళ్లి అనో ట్రిబ్యునల్‌కి పిటిషను రాయిస్తాడు. దానికి ఫీజు వేరే.