ఆఖరు బస్సు, శుభం కార్డు

దుబాయి,
ఆదివారం, తాతీల్ రోజు

బావా,



నీ వాయిస్ మెసేజ్ విన్న. “నీకేంది బామ్మర్దీ, దుబాయిల కూసోని మాకన్న ఒక దినం ముందే కొత్త సినిమా చూస్తవు” అని ఎత్తిపొడిచినవు. వెనకాల అక్క నవ్వుడు గూడ వినబడ్డది. నువ్వన్నది అబద్ధం గాదు. మీకు శుక్రవారం పడే బొమ్మ ఇక్కడ బేస్తవారం పొద్దుగూకంగనే పడ్తది. గని బావా, ముందుగాల చూసుడు వేరు, మొత్తం చూసుడు వేరు. టైటిల్స్ కాడికెల్లి శుభం కార్డు దాంక ఒక సినిమా నిమ్మళంగ చూసే రాత నా నొసట లేదని నీకెరుకే. అండ్ల సగం పాపం నీది. ఫోన్ల చెప్తే మధ్యల అడ్డం వడ్తవని కాయితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్న. అక్షరాలు కండ్లకానకపోతే వేళ్లతోని పెద్దగ చేసుకో.

యాదికి తెచ్చుకో. చిన్నప్పుడు మనకు సినిమా అంటే రెండే దిక్కులు. ఎల్లారెడ్డి దగ్గర, బొమ్మ ఆలస్యం. కామారెడ్డి దూరం, బొమ్మ కొత్తది. ప్రింట్లు తక్కువుండే రోజులవి. డబ్బాలల్ల రీళ్లు పట్నంల ఆడి, నిజామాబాద్‌ల ఆడి, కామారెడ్డిల ఆడి, పండ్లూడినంక ఎల్లారెడ్డికి దిగేటియి. అప్పటికి రీలు మీద గీతలు పడి, ఎర్రటెండల ఫైటింగ్ అయితున్నా తెర మీద వాన కొడుతుండేది. హీరో కొట్టేటందుకు చెయ్యెత్తేటోడు. రీలు తెగి అతికిచ్చిన కాడ ఆ దెబ్బ పోయేది. మనం చూసేసరికి విలన్ దవాఖాన్ల పండుకోని ఉండేటోడు.

కామారెడ్డికి పోవాలంటే నాయిన దయ కావాలె. మార్కెట్ల బెల్లం అమ్ముడుపోయిన నాడే మనకు సినిమా యోగం. ధర మంచిగ పలికితే కుర్చీ, పలకకపోతే నేల. తాడ్వాయి దాటినకాడికెల్లి మనకు కాళ్లు బస్సుల నిలిచేటియి కావు. టాకీసు మైకుల ఘంటసాల ‘నమో వేంకటేశ’ మొదలైతే టికెట్ల కిటికీ తెరుస్తరని గుర్తు. ఆ పాట వినంగనే నాయిన దండం పెట్టేటోడు, మనం ఉరికేటోళ్లం.

నాయినకు బొమ్మ కన్న బస్సు ముఖ్యం. ఇంట్రవల్ అయిందంటే ఆయన కండ్లు తెర మీద ఉండేటియి కావు, చేతి గడియారం మీదనే. విలన్ హీరో చెల్లెను కుర్చీకి కట్టేసి, చుట్టూర డీజిల్ పీపాలు పేరుస్తడు. హీరో గోడ పలగ్గొట్టుకోని లోపలికి దుంకుతడు చూడు, సరిగ్గ గప్పుడే నా అంగీ కాలర్ మీద నాయిన చెయ్యి పడేది.

“లే. బస్సు పోతది.”

“నాయినా, జర్రంత...”

“వీడు కొడ్తడు, వాడు సస్తడు. ఇంకేముంటది అండ్ల? లే.”

సినిమా విమర్శ అంటే అది. అంతకన్న సక్కగ ఇప్పటిదాంక ఏ పేపరోడు రాయలే.

నువ్వేమో కామారెడ్డిల మీ చిన్నమ్మ ఇంట్ల పండుకుంటనని మిగిలిపోయేటోనివి. తెల్లారి మొదటి బస్సుకు దిగి, రచ్చకట్ట మీద కాళ్లాడిచ్చుకుంట కూసోని ఆఖరు ముచ్చట చెప్పేటోనివి. ఊకెనే చెప్పేటోనివా? జేబు నిండ పల్లీలు ముందుగాల పెట్టాలె. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ యాదున్నదా? 1990 మే 9న విడుదలైంది. ఆ రోజులల్లనే ఆంధ్ర కోస్తా తుపానుకు ఆగమైంది, అయినా జనం నీళ్లల్ల నడుసుకుంట పోయి చూసిండ్రు. మన దిక్కు తుపాను లేదు గని నాయిన ఉండె. శ్రీదేవి ఇంద్రలోకానికి పోతదా, భూమ్మీద ఉంటదా తెల్వకముందే నన్ను బస్సెక్కిచ్చిండు. తెల్లారి నువ్వు పల్లీలు నములుకుంట చెప్పినవు: “ఇద్దరు గూడ ఇంద్రలోకానికే పోయిండ్రు. చిరంజీవి ఆడ గూడ టూరిస్టు గైడు పనే చేస్తుండు. వచ్చినోళ్లకు ఐరావతాన్ని చూపెడ్తడు.”

నేను నమ్మిన. ఎట్ల నమ్మకపోదును, ఐరావతం తొండం ఎంత పొడుగున్నదో గూడ చేతులు చాపి చూపెడ్తివి. అదే సినిమాను 35 ఏండ్లకు, 2025 మే 9న, త్రీడీల మళ్ల విడుదల చేసిండ్రు. ఆ సందడిల నేను గూడ ఫోన్ల పెట్టుకోని ఆఖరు దాంక చూసిన. ఆమె ఈడనే ఉండిపోయింది బావా! ఇన్నేండ్లు నేను చిరంజీవిని ఇంద్రలోకానికి వలస పంపి కూసున్న. గల్ఫ్‌కు వచ్చినంక గూడ, వాని వీసా ఎవలు తీసిండ్రు అన్న అనుమానం నాకు రాలే.

ఎల్లారెడ్డి టాకీసు వెనక దిబ్బ యాదుందా? ఆపరేటర్ పారేసిన తెగిన రీలు ముక్కల కోసం ఎంత మంది పోరగాండ్లతోని కొట్లాడినం! మాడిపోయిన బల్బు ముడ్డి మెల్లగ పలగ్గొట్టి, లోపలి తీగ తీసి, నీళ్లు నింపేటోళ్లం. చీకటి అర్ర కిటికీకి అట్ట పెట్టి ఒక బొక్క చేసేది. బయటికెల్లి నువ్వు అద్దంతోని ఎండను ఆ బొక్కల కొడితే, లోపల నాయిన పంచె మీద బొమ్మ లేచేది. ముక్కను తలకిందులు పట్టుకోవాలె, లేకుంటే ఎన్టీఆర్ శీర్షాసనం వేస్తడు. మాటలన్ని నీయి, డిష్యుం డిష్యుం నాది, టికెట్‌కు రెండు గోటీలు. ఆ టాకీసుకు బస్సు భయం లేదు గని సూర్యుని భయం ఉండె. మబ్బు పట్టిందంటే హీరో మాయం, చూడవచ్చినోళ్లు గోటీలు వాపస్ ఇయ్యమని మీద పడేటోళ్లు.

నాయిన ఓడిపోయింది ఒక్కపారే. ‘అమ్మోరు’కు. 1995ల వచ్చింది అది. మన దిక్కు ఆడోళ్లంత ట్రాక్టర్ కట్టిచ్చుకోని పోయిండ్రు. నాయినమ్మ కొంగుల పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ. ఆమె చెప్పులు టాకీసు బయటనే విడిచింది. తెర మీద సౌందర్య ఏడుస్తుంటే “ఏడ్వకు బిడ్డా, తల్లి వస్తది” అని గట్టిగ ధైర్యం చెప్పింది. అటు దిక్కు కూసున్నామె “ఏ కొత్త పెండ్లి పిల్లకైన అత్తగారింట్ల గిదే గతి” అని ముక్కు చీదింది. నాయిన గడియారం చూసుకోని లేవబోయిండు. “కూసో! తల్లి కొలువుల ఉండంగ లేస్తవారా?” అన్నది నాయినమ్మ. కూసున్నడు. ఆయన కూసునుడు చూసి నాకు ఆ తల్లి మీద భక్తి అప్పుడే పుట్టింది.

అమ్మోరు ఉగ్రరూపం ఎత్తంగనే ముందు వరుసల ఒకామెకు పూనకం వచ్చింది. ఎవలో హారతి ముట్టిచ్చిండ్రు. నాయినమ్మ కొబ్బరికాయను కుర్చీ ఇనుప కాలుకు కొట్టింది, నీళ్లన్ని ముందటాయన నెత్తి మీద. ఆయన తిట్టలే, తీర్థమనుకోని కండ్లకద్దుకున్నడు. ఆట అయిపోయినంక నాయినమ్మ తెరకు మొక్కి “మళ్ల ఎప్పుడొస్తవు తల్లీ” అని అడిగితే, గేటు కాడి పిలగాడు “ఫస్ట్ షో ఆరింటికి అవ్వా” అన్నడు.

రెండేండ్లకు ‘ఒసేయ్ రాములమ్మ’కు అదే ట్రాక్టర్ మళ్ల కదిలింది. దొరను నాయినమ్మ తిట్టిన తిట్లు సెన్సారోళ్లు వింటే సినిమాను విడిచిపెట్టి ఆమెను కట్ చేస్తుండ్రి.

ఇగ వీసీపీ రాత్రులు. కలర్ టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు కిరాయికి తెచ్చి గణపతి పందిరి కాడ తెల్లార్లు ఆట. మొదటి సినిమా మొత్తం నడిచేది. రెండోది సగానికి రాంగనే త్రీఫేజ్ కరెంటు వచ్చేది. అప్పుడు వ్యవసాయానికి వంతుల కరెంటు గదా, ఏ నడిరాత్రో ఇచ్చేటోళ్లు. ఒక్కపారే మగోళ్లంత లేచి, కండువా దులుపుకోని, బాయి కాడికి ఉరికేటోళ్లు. ఆ దిక్కు మోటర్లు మొదలైతే ఈ దిక్కు ఓల్టేజీ పడిపోయి టీవీల బొమ్మ కుంచుకపోయేది. ఎన్టీఆర్ భీముడు గూడ ఉడుత లెక్క అయిపోయేటోడు. అండ్లకెల్లి ఏం చూస్తం, ఏం ఇంటం? పండుకునుడే.

తర్వాత సౌదీకి వస్తి. బస్సు లేదు, నాయిన లేడు, మోటర్లు లేవు, ఇగ మొత్తం సినిమా చూస్త అనుకున్న. తీర చూస్తే ఆ దేశంల టాకీసే లేదు! దమ్మాంల ఉండి సినిమా చూడాలంటే సముద్రం మీద 25 కిలోమీటర్ల వంతెన దాటి బహ్రెయిన్‌కు పోవాలె. కార్లున్న ఇంజినీర్లు సెలవు నాడు పోయొచ్చేటోళ్లు. మనం రూముల సీడీలు చూసినం. సినిమా రెండు సీడీలల్ల వచ్చేది. మొదటిది అద్దంల మొఖం చూసుకునేటంత సాఫు. రెండోది రూమురూము తిరిగి గీతలు పడి, హీరోకు కోపమొచ్చే కాడ సరిగ్గ ఆగిపోయేది. తుడిచి పెట్టినా, ఊది పెట్టినా ఆ కోపం దిగలే, పెరగలే. నేను సౌదీ విడిచి దుబాయికి వచ్చినంక, 2018 ఏప్రిల్ 18న, 35 ఏండ్ల తర్వాత రియాద్‌ల టాకీసు తెరిచి ‘బ్లాక్ పాంథర్’ ఆడిచ్చిండ్రు. నేను పోయేదాంక ఆగినట్టున్నరు.

దుబాయిల టాకీసులకు వంక పెట్టేది లేదు. మెత్తటి కుర్చీలు, చలికి దుప్పటి కావాల్సొచ్చే ఏసీ. టికెట్ దిరహమ్‌లల్ల ఎంతో నీకు చెప్ప, నువ్వు రూపాయలల్ల లెక్కేసి అక్కకు చెప్తవు. తెర కింద అరబ్బీల మాటలు పడ్తుంటయి. బ్రహ్మానందం నోరు తెరవకముందే అరబ్బీ చదివినోడు నవ్వుతడు, మనం వెనకకెల్లి నవ్వుతం.

మా రూముల పెషావర్ పఠాన్ ఒకాయన ఉన్నడు, హెవీ డ్రైవర్. హిందీల డబ్బింగ్ అయిన మన సినిమాలు యూట్యూబుల ఒక్కటి విడువలే. అల్లు అర్జున్ అంటే పానం ఇస్తడు. ఒకనాడు మెల్లగ పక్కకు వచ్చి కూసోని, “భాయ్, నిజం చెప్పు, మీ కాడ మనిషిని గుద్దితే బండి ఎంత ఎత్తు లేస్తది?” అని అడిగిండు. డ్రైవర్ గదా, ఆయన పరేషాన్ ఆయనది. “మా కామారెడ్డి దిక్కు లేవయి భాయ్, రాయలసీమ దిక్కు సుమోలు లేస్తయట” అని తప్పిచ్చుకున్న.

2015 జూలై 10న ‘బాహుబలి’ వచ్చింది. కట్టప్ప కత్తి దించిండు, టాకీసుల లైట్లు వేసిండ్రు. నా పక్కన కేరళాయన సీట్లకెల్లి లేవడు. ఇంకున్నది గావచ్చని తెర దిక్కే చూస్తుండు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాంక దేశమంతట ఒకటే ప్రశ్న, ఎందుకు చంపిండు అని. నాకు మాత్రం మస్తు సల్లగ అనిపిచ్చింది బావా. రాజమౌళి దేశాన్ని మొత్తం మన ఎల్లారెడ్డి ఆఖరు బస్సు ఎక్కిచ్చిండు. నా చిన్నప్పటి బాధ ఏందో పటం కట్టి చూపెట్టినట్టు అందరికి తెలిసొచ్చింది.

అదే ఏడు జూలైల ‘ఫిదా’. మన బాన్సువాడ! కామారెడ్డి జిల్లా అయి ఏడాది నిండలే, అప్పుడే తెరకెక్కింది. తీసింది శేఖర్ కమ్ముల, పైసలు పెట్టింది నిజామాబాద్ జిల్లా దిల్ రాజు. మన మాట అంటే అప్పటిదాంక విలన్‌కో, నవ్విచ్చేటోనికో ఇచ్చేటోళ్లు. 1985ల ‘ప్రతిఘటన’ల కోట శ్రీనివాసరావు నోట ఆ మాట ఎంత బాగ పలికినా, పలికింది దుర్మార్గుడే గదా. ఇప్పుడు హీరోయిన్ మాట్లాడింది. ఆ పిల్ల నీలగిరులల్ల కోటగిరిల పుట్టింది, అయినా తన గొంతు తనే ఇచ్చి మన అక్కల తీరుగ దబాయిచ్చింది. తెర మీద పొలాలు కనబడంగనే నేను లేచి నిలబడి “మాది! మాది!” అన్న. వెనకాయన “ఎన్ని ఎకరాలు?” అని అడిగిండు. అండ్ల పిల్ల ఊరు విడువనంటది, అమెరికా పిలగాడే ఆమె వెంబడి వస్తడు. చూడ సక్కగున్నది గని, గల్ఫ్‌కు పోయినోని కోసం ఇట్ల ఎవలన్న తీస్తరా? మనం వాపస్ వస్తే “ఎన్ని దినాల సెలవు” అని అడుగుడు తప్ప ఇంకో డైలాగ్ లేదు.

ఇగ ‘బలగం’ ముచ్చట. 2023 మార్చి 3న వచ్చింది. సిరిసిల్ల వేణు తీసిండు. ఊర్లల్ల జనం తమంతట తామే తెరలు కట్టుకోని, మొత్తం ఊరు ఒక్క కాడ కూసోని చూసిండ్రు. మన ఊర్ల వేసిన నాడు నువ్వు బోటిమ్‌ల వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ను ఇటుకల కుప్ప మీద నిలబెట్టినవు. మీకు రాత్రి తొమ్మిదిన్నర, నాకు ఎనిమిది. నాకు తెర కన్న ఎక్కువ మన ముసలోళ్ల వీపులు, అక్క కొప్పు కనబడ్డయి. రూముల అందరం ఒక్క ఫోన్ మీదికి వంగినం. సినిమాల సచ్చిపోయిన కొమురయ్య పిండం కాకి ముడ్తలేదు. ఇంటోళ్లు ఒకల మొఖం ఒకలు చూస్తలేరు. పఠాన్ గూడ కండ్లు తుడుసుకుంట “కవ్వా ఆయా క్యా?” అని పదేపదే అడుగుతుండు. వచ్చేటట్టే ఉన్నది... కాల్ కట్ అయింది.

చార్జింగ్ అయిపోయిందో, ఏడుపు కనబడొద్దని నువ్వే కట్ చేసినవో ఇప్పటిదాంక చెప్పలే. తర్వాత ఆ సినిమా ఫోన్ల పెట్టుకోని మళ్ల చూసినం, కాకి ముట్టింది, పఠాన్ అందరికి చాయ్ తాపిండు. గని ఊరితోని కలిసి చూసే ఆ ఆఖరు ముక్క పోయింది గదా, అది ఏ ఫోన్ల దొరుకుతది?

ఆ సినిమాల నల్లిబొక్క కాడ బావబామ్మర్దులు లొల్లి పెట్టుకోని ఏండ్లకేండ్లు మాటలు బంద్ చేసుకుంటరు చూడు, అది చూసినకాడికెల్లి నాకు భయం పట్టుకున్నది. అక్కకు ఇప్పటికే చెప్పిన: నేను వచ్చిన నాడు నల్లిబొక్క ముందుగాల బావ తల్లెల వెయ్యి.

దసరాకు వస్తున్న బావా, లీవు ఖరారైంది. మన దిక్కు టాకీసులు ఒక్కొక్కటి ఫంక్షన్ హాళ్లు అయితున్నయని అంటున్నవు. ఉన్నండ్ల ఏదో ఒకటి చూసి, కామారెడ్డిల సెకండ్ షోకు టికెట్లు తియ్యి. కారు నీది, పాప్‌కార్న్ నాది. నాయినను గూడ తీస్కపోదాం. ఆయనకిప్పుడు మోకాళ్ల నొప్పులు, మధ్యల లేవలేడు. కథ మాత్రం నువ్వు ముందుగాల చెప్పకు.

నీ బామ్మర్ది